ఇంటి తుపాకి, ఊరి కావలి: చెన్నపట్నపు నాలుగు శతాబ్దాలు

ఇంటికి కాపలాగానూ, పొలంలో పడే అడవి జంతువులను తరమడానికీ పనికొచ్చే తుపాకి ఏది? టెక్సాస్‌లో పదెకరాలు కొని పశువులను పెంచుకుంటున్న తెలుగువాడికి ఈ ప్రశ్నకు అంగట్లోనే జవాబు దొరుకుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, ఆ పేలుడు బలంతోనే మరో తూటా గొట్టంలోకి చేరే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను వరసగా పేర్చి చూపిస్తారు. చెన్నైలో ఉంటూ పూనమల్లి అవతల మామిడితోట వేసుకున్న అతని అన్నగారు అదే ప్రశ్న వేస్తే, జవాబు కోసం నాలుగు వందల ఏళ్లు వెనక్కి వెళ్లి రావాలి. ఈ నగరంలో ‘ఏ తుపాకి’ అన్న ప్రశ్న కంటే ముందే ‘ఎవరి కాపలా, ఎవరి అనుమతి’ అన్న ప్రశ్న పుట్టింది. తుపాకి వేగం తరతరానికీ పెరిగింది. దాన్ని ఇంట్లో ఉంచుకునే అనుమతి తరతరానికీ కుదించుకుపోయింది. ఈ రెండు మార్పుల మధ్య ఒక మహానగరం ఆయుధం లేకుండా నిద్రపోవడం ఎలా అలవాటు చేసుకుందో తెలుసుకుంటే తప్ప నేటి చట్టంలోని ఒక్క వాక్యమైనా అర్థం కాదు.

చెన్నపట్నం పుట్టకముందే దక్షిణాదికి తుపాకి మందు వాసన తెలుసు. 1520లో రాయచూరు కోట ముట్టడిలో శ్రీకృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకిదారులు నిలబడి, బురుజుల మీది కాపలావాళ్లను గురిచూసి కొట్టారు. దక్షిణాదిలో చేతితుపాకి తన సత్తా చూపిన తొలి ఘట్టాలలో అదొకటి. తరువాత 1613లో డచ్చివారు పులికాట్‌లో గెల్డ్రియా కోట కట్టారు, అక్కడే తుపాకి మందు తయారుచేసి తమ ఓడలకూ స్థావరాలకూ పంపారు. తెలుగు, తమిళ సీమలు కలిసే ఆ ఉప్పునీటి సరస్సు ఒడ్డు నుంచి కొంత దూరంలో, 1639లో, దామెర్ల వెంకటప్ప నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి కొంత ఇసుక నేల ఇచ్చాడు. వర్తకులు అక్కడ ముందుగా కట్టుకున్నది కోట. గిడ్డంగికి గోడ, గోడకు ఫిరంగి, ఫిరంగికి మందు. ఈ నగరం పుట్టుకలోనే ఆయుధం ఉంది. అయితే ఆ ఆయుధం కోట లోపల ఉండిపోయింది. కోట వెలుపల పెరిగిన నల్లపట్నం ఇళ్లను కాయడానికి వేరే ఏర్పాటు జరిగింది.

ఆ ఏర్పాటు పేరు పెద్దనాయకుడు. పదిహేడో శతాబ్దం మధ్యనుంచీ ఈ తెలుగు పాలెగాడి వంశానిదే పట్నపు కావలి బాధ్యత. ఆయన కింద తలారులు రాత్రిపూట వీధులు తిరిగేవారు. ప్రతిఫలంగా ఆయనకు పొలాల మీద, సరుకుల మీద కొన్ని హక్కులు, సుంకాలు ఉండేవి. ఎవరింట్లోనైనా దొంగతనం జరిగి సొత్తు దొరకకపోతే ఆ నష్టం పెద్దనాయకుడే భర్తీ చేయాలన్నది షరతు. అంటే ఇంటి యజమాని తన తలగడ కింద ఆయుధం దాచుకోవలసిన పని లేదు. కాపలా కాసేవాడు తన ఆస్తిని పూచీ పెట్టి ఊరిని కాసేవాడు. నేటికీ పెద్దనాయకన్‌పేట పేరులో ఆయన మిగిలి ఉన్నాడు. పల్లెల్లో పంటకు కావలి ఇంకా సులువైన పద్ధతుల్లో సాగేది. చేలో మంచె, మంచె మీద మనిషి, మనిషి చేతిలో వడిసెల. పిట్టలకు రాయి, పందులకు డబ్బా చప్పుడు, రాత్రికి నెగడు. తుపాకి రైతు పనిముట్టుగా మారడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

పద్దెనిమిదో శతాబ్దం ఈ నెమ్మదిని చెదరగొట్టింది. 1746లో ఫ్రెంచివారు చెన్నపట్నాన్ని పట్టుకున్నారు. 1758-59 చలికాలంలో ఫ్రెంచి సేనాని లాలీ నెలల తరబడి కోటను ముట్టడించాడు. 1769లో హైదరలీ నగర ద్వారాల దాకా వచ్చి సంధి రాయించుకుని వెళ్లాడు. ఆ భయంతోనే నల్లపట్నం చుట్టూ గోడ లేచింది. గోడకయ్యే ఖర్చు జనం నుంచి వసూలు చేయాలనుకున్న ప్రయత్నం వాల్‌టాక్స్ రోడ్డు పేరుగా మిగిలింది. నగరం బయట లోకం వేరు. పాలెగాళ్ల చేతుల్లో కత్తి, బల్లెం, నిప్పువత్తితో పేల్చే తుపాకి ఉండేవి. ఊళ్లకు కాపు కాసి కావలి రుసుము తీసుకోవడం వాళ్ల హక్కు, ఆ రుసుముతోనే బంట్లను పోషించేవారు. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు నిలిచిన రోజున, ఇంటి రక్షణ అన్న మాటకు ఎంత భయంకరమైన అర్థం రాగలదో తెలుగుదేశం చూసింది. ఎదురుగా క్రమశిక్షణ గల సైన్యం ఉంటే కోటలో ఎన్ని తుపాకులున్నా చాలవని ఆ రోజు తేలింది.

తరువాతి మలుపు చెన్నపట్నం నుంచే వెలువడింది. తెలుగు మూలాలున్న రాజకంబళ నాయకుల వంశస్థుడు, కంపెనీని ఎదిరించిన పాలెగాడు కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. రెండేళ్లకు మరుదు సోదరులు అదే దారి పట్టారు. 1801 డిసెంబరులో గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటనతో దక్షిణ పాలెములలో ఆయుధాలు ధరించడం నిషిద్ధమైంది, కోటలు నేలమట్టమయ్యాయి. అదే కాలంలో దత్తమండలాలలో థామస్ మన్రో పాలెగాళ్లను ఒక్కొక్కరిగా లొంగదీసి, కావలి హక్కులను సర్కారు జమలో కలిపాడు. 1816 నాటి చట్టం గ్రామ పోలీసు బాధ్యతను ఊరి పెద్ద మీద పెట్టింది. చెన్నపట్నంలో పెద్దనాయకుడి పదవి కూడా ఆ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే ముగిసింది. కావలి కాయడం వంశపు హక్కుగా ఉన్న కాలం పోయి, సర్కారు ఉద్యోగంగా మారిన కాలం వచ్చింది. 1846-47లో రేనాటి నుంచి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు ఆయన వెనక నడిచినవారిలో మాన్యాలు, పాత కావలి హక్కులు పోగొట్టుకున్న కట్టుబడి బంట్లు ఎందరో ఉన్నారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన ఉరితో ఆ పాత లోకపు చివరి గొంతు మూతపడింది.

మనిషి చేతిలోని ఆయుధాన్ని కాగితంతో కట్టేసే పని 1857 తరువాత మొదలైంది. సిపాయీల తిరుగుబాటు నడుస్తుండగానే ఒక ఆయుధ చట్టం వచ్చింది, 1860లో మరొకటి వచ్చింది. లార్డ్ లిట్టన్ హయాంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం వాటన్నిటినీ మించింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం దేశమంతటా నేరమైంది. దేశభాషా పత్రికల నోరు కట్టిన చట్టం కూడా అదే ఏడాదిది. చేతినీ నోటినీ ఒకే ఏడు కట్టేశారన్న సంగతి ఆనాటి చదువరులు గమనించకపోలేదు. పైగా యూరోపియన్లకు ఆ చట్టంలో మినహాయింపు ఉండేది. మౌంట్ రోడ్డులో నడిచే దొర భుజాన తుపాకి అలంకారం, అదే భారతీయుడి భుజాన ఉంటే నేరం. ఈ వర్ణభేదం నిబంధనల్లోంచి తొలగడానికి మొదటి ప్రపంచ యుద్ధం ముగియవలసి వచ్చింది. కొడగు ప్రజలకు మాత్రం బ్రిటిష్ వారు ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు స్వతంత్ర భారతంలోనూ కొనసాగుతూ వస్తోంది. దేశంలో అలాంటి ఏర్పాటు అరుదు.

చట్టం బిగుస్తున్న ఆ దశాబ్దాలలోనే అంగళ్లు వెలిగాయి. గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్, అన్నిరకాల సరుకులమ్మే ఓక్స్ అండ్ కంపెనీ, రెండూ తమ పేర్లు చెక్కించిన తుపాకులు అమ్మేవి. ‘మద్రాస్, రంగూన్’ అని రాసి ఉన్న ఓర్ వారి జంట గొట్టాల రైఫిళ్లు నేడు విదేశాల వేలంపాటల్లో కనిపిస్తాయి. గొట్టం మూతి నుంచి మందు దట్టించే పద్ధతి పోయి, వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి వచ్చింది. నల్ల తుపాకి మందు పోయి పొగలేని మందు వచ్చింది. నీలగిరులలో కూనూరు దగ్గరి అరువంకాడులో 1903 ప్రాంతాన మొదలైన కార్డైట్ కర్మాగారం ఆ మార్పుకు మన గడ్డ మీది గుర్తు. జమీందార్లు, కలెక్టర్లు, తోటల దొరలు ఈ అంగళ్ల ఖాతాదారులు. ఇంటి రక్షణ అన్నది లైసెన్సు దరఖాస్తులో రాసే కారణం, అసలు పని వేట.

ఆ కాలపు ఒక చిన్న నిబంధన ప్రపంచపు తుపాకి కార్ఖానాలను కదిలించింది. సైన్యం వాడే తూటా తిరుగుబాటుదారుల చేతికి చిక్కకూడదని, సైనిక కొలతల రైఫిళ్లను ఇండియాలో ప్రైవేటు వ్యక్తులకు అందకుండా చేశారు. .450 కొలత మీద నిషేధం పడగానే లండన్ తయారీదార్లు .470, .465 వంటి కొత్త కొలతలు కనిపెట్టి ఇండియా ఖాతాదారుల కోసం పంపారు. .303 అందనివారి కోసం .315 పుట్టింది. నేటికీ ఇషాపూర్ కర్మాగారంలో తయారయ్యే పౌర రైఫిల్ ఆ .315 కొలతదే. ఏ తుపాకి కొనాలన్న ఎంపికలో చట్టం చేయి ఎంత లోతుగా ఉందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. 1910లో బొల్లారంలో పుట్టిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ ఎంపిక .405 వించెస్టర్. మీట కిందికి లాగి పైకి తోస్తే మరో తూటా సిద్ధమయ్యే ఆ రైఫిల్‌తోనే ఆయన చిత్తూరు, సేలం అడవులలో నరభక్షక పులుల వెంట తిరిగాడు. వెంటవెంటనే కాల్చగలగడం వేటగాడికి ప్రాణరక్షణ అని ఆ తరం నమ్మింది.

అంగళ్ల గాజు అద్దాలకు అవతల మరో తుపాకి చరిత్ర సాగింది. దానికి లైసెన్సూ లేదు, కంపెనీ పేరూ లేదు. ఊరి కమ్మరి కొలిమిలో పుట్టిన నాటు తుపాకి అది. తమిళనాట నరికురవలు, మన్యంలో కొండదొరలు, తెలంగాణ పల్లెల్లో మూతి నుంచి మందు దట్టించే భర్మారు పట్టినవారు దాని వారసులు. ఊరూరా తిరిగే పిట్టలదొర చేతిలోని చెక్క తుపాకి, కోతలు కోసేవాణ్ణి తుపాకి రాముడనే మన అలవాటు, ఆయుధం అందని జనం ఆయుధమున్న దొరతనాన్ని వెక్కిరించిన తీరుకు గుర్తులు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద వరసగా మూడు రోజులు పడి తీసుకెళ్లినవి పోలీసు తుపాకులే. కొండజనం దగ్గర విల్లంబులు, నాటు తుపాకులు తప్ప మరేమీ లేకుండా చేసిన చట్టానికి ఆ దాడులు నేరుగా ఇచ్చిన జవాబు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెల, భర్మారు మళ్లీ పొలాల్లో కనిపించాయి. ఈసారి పిట్టలను తరమడానికి కాదు.

ఆయుధ చట్టం మీద జాతీయోద్యమపు కోపం మన పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించదు. 1930 జనవరిలో గాంధీజీ వైస్రాయి ఇర్విన్ ముందు పెట్టిన పదకొండు కోరికల్లో చివరిది, ఆత్మరక్షణకు తుపాకి లైసెన్సులు ఇవ్వాలని, అవి ప్రజల అదుపులో ఉండాలని. అహింసను వ్రతంగా పట్టిన మనిషి అడిగిన కోరిక అది. 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానం నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును పౌరహక్కుల జాబితాలో చేర్చింది. కాని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ హక్కును రాజ్యాంగంలోకి తేవాలని సవరణ పెట్టినప్పుడు అంబేద్కర్ ఒప్పుకోలేదు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరలేదు. చివరకు రాజ్యాంగం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కును మాత్రమే ఇచ్చింది. 1791లో అమెరికా తన రాజ్యాంగానికి చేసిన రెండో సవరణ ఎంచుకున్న దారి నుంచి మనం విడిపోయిన చోటు ఇదే. మనం విడిపోయింది తొందరపాటుతో కాదు, వాదించుకుని.

1959లో పార్లమెంటు చేసిన ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. పాత చట్టంలోని అవమానం పోయింది, ఆ చట్రం మాత్రం మిగిలింది. మామిడితోట అన్నగారి ప్రశ్నకు జవాబు ఈ చట్టంలోనే ఉంది. పదమూడో సెక్షను పౌరుడి అవసరాలను రెండుగా చూసింది. ఇంటి రక్షణకో ఆటకో అయితే ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు గొట్టం తుపాకి. పంట కాపలాకైతే మూతి నుంచి మందు దట్టించే తుపాకి, అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే మరో రకం నునుపు గొట్టం తుపాకి. గొట్టం లోపల మెలికల గాడులున్న రైఫిల్ మరింత గట్టి పరిశీలనలోకి వెళ్లింది. తనంతట తాను తూటా ఎక్కించుకునే రైఫిల్‌ను నిబంధనలు నిషిద్ధ ఆయుధాల వర్గంలో చేర్చాయి. సైనిక తూటా పట్టే ఏ రైఫిల్‌కైనా ఇదే గతి. అలాంటి వాటికి అనుమతి ఇవ్వగలిగేది కేంద్రం ఒక్కటే, అదీ అరుదైన సందర్భాలలో. .32 కొలత పిస్తోలు మాత్రం పౌరుల జాబితాలో మిగిలింది.

తనంతట తాను తూటా ఎక్కించుకునే ఆ రైఫిల్ ప్రపంచంలో ఎదిగిన తీరు కూడా తెలుసుకోవాలి. ఆస్ట్రియాలో మాన్‌లిఖర్ 1885 ప్రాంతాన మొదలుపెట్టిన ప్రయోగాలు, అమెరికాలో జాన్ బ్రౌనింగ్ ఊహ నుంచి పుట్టి 1906లో అంగట్లోకి వచ్చిన రెమింగ్టన్ మోడల్ 8, 1936లో అమెరికా సైన్యం స్వీకరించిన ఎం1 గారాండ్ దాని మైలురాళ్లు. 1964లో కోల్ట్ కంపెనీ ఏఆర్-15ను పౌరులకు అమ్మడం మొదలుపెట్టింది. 1970లలో రూగర్ కంపెనీ మినీ-14ను తెచ్చి, ఆ తరువాత పశువుల కాపరుల అవసరం పేరు చెప్పి ‘రాంచ్ రైఫిల్’గా దాన్ని మలిచింది. వందల ఎకరాల బయలులో తోడేళ్లు, అడవి పందుల గుంపులు, గంట దూరంలో పోలీసు ఠాణా ఉన్న నేలలో ఆ ఎంపికకు ఒక తర్కం ఉంది. దాని మరో ముఖం పాఠశాలల్లోనూ బజారుల్లోనూ కనిపించి, 1994 నుంచి 2004 దాకా అక్కడి ప్రభుత్వమే కొన్ని రకాలను నిషేధించి చూసింది. మన దేశంలో 1960లలో సైన్యానికి ఈ రకం రైఫిలే ఎస్.ఎల్.ఆర్. పేరుతో వచ్చింది, తరువాత పోలీసులకూ చేరింది. జనం దాన్ని బ్యాంకు గుమ్మం ముందు, ఎన్నికల బందోబస్తులో చూశారు. తమ ఇంటి గోడకు తగిలించుకునే వస్తువుగా ఎన్నడూ చూడలేదు.

చెన్నై ఇంట్లోని తుపాకి ప్రమాదమేమిటో ఒక్క సాయంత్రం దేశానికి చూపింది. 1967 జనవరి 12న రామావరం తోటలో, తన సొంత ఇంట్లో, ఎం.జి. రామచంద్రన్‌ను తోటి నటుడు ఎం.ఆర్. రాధా కాల్చాడు. ఆ వెంటనే తననూ కాల్చుకున్నాడు. ఇద్దరూ బతికారు. తూటా తగిలిన గొంతు రామచంద్రన్ మాటను మార్చింది, కట్టుతో ఉన్న ఆయన ఫొటో ఆ ఏటి ఎన్నికల గోడలకెక్కింది. దొంగ రాలేదు, శత్రువు గోడ దూకలేదు, తెలిసిన మనిషే వాకిట్లోంచి లోపలికి వచ్చాడు. తరువాత 1982 మేలో పాండీబజారులో శ్రీలంక తమిళ ఉద్యమకారులు ఒకరినొకరు కాల్చుకున్నారు. 1990 జూన్‌లో కోడంబాక్కంలో ఆ ఉద్యమకారులలోనే ఒక వర్గపు నాయకుడు పద్మనాభనూ అనుచరులనూ కాల్చి చంపారు. యుద్ధభూమి ఆయుధాలు నగర వీధిలోకి వచ్చిన కాలమది. దేశమంతటా ఇలాంటి భయాలే. ఆయుధ చట్టానికి 1983లో చేసిన సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకులకు మించకూడదంది. అదే దశాబ్దంలో పౌర తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. దాంతో అంగట్లో ప్రధానంగా మిగిలింది సర్కారు కర్మాగారాల సరుకు: ఇషాపూర్ రైఫిళ్లు, తిరుచిరాపల్లి కర్మాగారపు పంప్ యాక్షన్ తుపాకి, ఖడ్కీ తూటాలు. పాత విదేశీ తుపాకి ఒక్కటి వంశంలో ఉంటే అది నగతో సమానమైంది.

పొలం వైపు మలుపు 1972లో వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అదుపు చేసింది, 1991 సవరణ దాదాపు పూర్తిగా ఆపింది. ఆండర్సన్ తరానికి తుపాకి కొనడానికి ఉన్న ప్రధాన కారణం ఒక్క తరంలో చెరిగిపోయింది. పందులు మాత్రం పెరిగాయి. వేరుశనగ, చెరకు, మొక్కజొన్న చేలను ఒక్క రాత్రిలో తవ్వేసే పందిని తన తుపాకితోనైనా సొంతంగా చంపే హక్కు రైతుకు లేదు. లైసెన్సు తుపాకిని ఉంచుకోవడానికి ఇచ్చిన అనుమతి, జంతువును చంపడానికి వేరే అనుమతి కావాలి. ఈ రెండో అనుమతి చుట్టూనే నేటి చర్చ తిరుగుతోంది. కేరళ 2022లో పంచాయతీ పెద్దలకు ఆ అధికారమిచ్చి, లైసెన్సున్న తుపాకిదారుల సాయం తీసుకుంది. తమిళనాడు 2025 జనవరిలో మరో దారి పట్టింది. రిజర్వు అడవి అంచు నుంచి కిలోమీటరు లోపల కాల్పులు లేవు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టుకుని అడవిలో వదలాలి. మూడు కిలోమీటర్లు దాటాక శిక్షణ పొందిన అటవీ సిబ్బందే కాల్చాలి. పెద్దనాయకుడి కాలపు సూత్రమే కొత్త వేషంలో తిరిగి వచ్చింది. కావలి పని పూచీ ఉన్నవాడిదే.

ఈ చరిత్రంతా దాటి వచ్చిన అన్నగారు నేడు చేయగల ఎంపిక చాలా ఇరుకైనది, ఆ ఇరుకులో ఒక వివేకం ఉంది. ఆయనకు తగినది ట్వెల్వ్ బోర్ జంట గొట్టాల తుపాకి, లేదా పంప్ యాక్షన్. పన్నెండు సీసపు గుండ్లు కలిసి ఒక పౌను తూగే కొలత గొట్టం కాబట్టి ఆ పేరు. దాని రవ్వలు నలభై గజాల లోపలే పనిచేస్తాయి, కొన్ని వందల గజాల్లో నేలరాలుతాయి. రైఫిల్ తూటా గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. ఇటుక గోడ పక్కన ఇటుక గోడ ఉన్న వలసరవాక్కంలోనైనా, చేను పక్కన చేను, కంచె అవతల గుడిసె ఉన్న తిరువళ్లూరులోనైనా ఈ తేడాయే ప్రాణాలు నిలిపేది. త్వరగా పదిసార్లు కాల్చగల శక్తి ఇక్కడ లాభం కాదు, పొరుగువాడికి ముప్పు. నిజానికి పందిని చేలోకి రాకుండా ఆపేవి సౌరశక్తి కంచె, కుక్కలు, రాత్రి మంచె మీద మనిషి. తుపాకి చప్పుడు చివరి మాట. ఊళ్లో ఇంటికైతే గట్టి తలుపు, వీధి దీపం, ఇరుగుపొరుగు, పోలీసు ఫోను నంబరు ముందు, ఆ తరువాతే తుపాకి.

అనుమతి దారి కూడా ఈ రెండు దశాబ్దాలలో మారింది. చెన్నై నగరంలో పోలీసు కమిషనరు, జిల్లాల్లో కలెక్టరు లైసెన్సు ఇస్తారు. ఎగ్మూరులోని పాత కమిషనరు కార్యాలయం నేడు పోలీసు ప్రదర్శనశాల, దస్త్రాలు వేపేరికి వెళ్లాయి. ప్రతి లైసెన్సుకూ దేశవ్యాప్త నంబరు వచ్చింది. 2016 నిబంధనలు తుపాకి పట్టేవాడికి భద్రతా శిక్షణ ధ్రువపత్రం తప్పనిసరి చేశాయి. ఆయుధాన్ని తాళం వేసి భద్రపరచాలన్నాయి. 2019 సవరణ మనిషికి మూడు తుపాకులను రెండుకు తగ్గించింది, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది, పెళ్లిళ్లలో గాలిలోకి కాల్చే వేడుకను శిక్షించదగిన నేరం చేసింది. ఎన్నికలొస్తే ఆ తుపాకులను ఠాణాలోనో లైసెన్సున్న అంగట్లోనో అప్పగించాల్సి రావచ్చు. కొన్ని ఇళ్లలో తుపాకి ఏడాదికేడాది అంగట్లోనే ఉండిపోతుంది, ఇంట్లో ఉండేది రసీదు.

అలాగని తుపాకి విద్య ఈ నేలను వదిలిపోలేదు. అది వేట నుంచి ఆటకు మారింది. చెన్నై రైఫిల్ క్లబ్బులో సామాన్యుడి నుంచి సినీ నటుడు అజిత్ దాకా సాధన చేశారు. 1983లో చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచాడు. పుదుక్కోట్టై రాజవంశానికి చెందిన పృథ్వీరాజ్ తొండైమాన్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ట్రాప్ పోటీకి దిగాడు. తాతలు అడవిలో గురిపెట్టిన ట్వెల్వ్ బోర్, మనవడి చేతిలో గాలిలోకి ఎగిరే మట్టిపళ్లెం మీదికి తిరిగింది. నేడు గురి నేర్చుకోవాలనుకునే కుర్రవాడికి దారి ఉంది, కొలమానం ఉంది, పోటీ ఉంది. భయం వల్ల కాక, నైపుణ్యం కోసం పట్టిన ఆయుధం మనిషిని వేరే రకంగా తీర్చిదిద్దుతుంది.

వెనక్కి తిరిగి మొత్తం చూస్తే, ఈ నగరం తుపాకిని ద్వేషించినందువల్ల వదులుకోలేదని తెలుస్తుంది. వలస పాలకుడు అవమానంతో లాక్కున్న దాన్ని, స్వతంత్ర దేశం వాదించుకుని, ఓటు వేసి, తన ఇష్టంతో అదుపులో పెట్టుకుంది. ఆ ఒప్పందంలో ప్రభుత్వం వైపు బాధ్యత కూడా ఉంది. ఊరిని కాసే హక్కు తనదేనన్నప్పుడు, అర్ధరాత్రి పిలుపుకు పోలీసు రావాలి, పంది తవ్విన చేనుకు పరిహారం సకాలంలో అందాలి, న్యాయమైన దరఖాస్తు బల్ల మీద ఏళ్ల తరబడి పడి ఉండకూడదు. సొత్తు దొరకకపోతే నష్టం తాను భర్తీ చేస్తానన్న పూచీతోనే పెద్దనాయకుడు సుంకం తీసుకున్నాడు. ఆ పూచీ నిలబడినంత కాలం పూనమల్లి రైతుకు టెక్సాస్ రైఫిల్ అక్కర ఉండదు. అది సడలిన చోట చట్టం ఎంత గట్టిదైనా కొలిమిలో నాటు తుపాకి మళ్లీ తయారవుతుంది. కాబట్టి మన రైతూ గృహస్థుడూ తుపాకి అంగడి కంటే ముందు నిలదీయవలసింది, నాలుగు వందల ఏళ్లుగా చేతులు మారుతూ వచ్చిన ఆ కావలి బాధ్యత నేడు ఎవరి చేతిలో ఉందో వారిని.